దెయ్యాల దీవి కథ రాయాలంటే: హోప్ ఐలాండా, గోదావరి లంకా, కోరంగి మడా?

వేసవి సెలవుల్లో మా ఊరి లైబ్రరీ గదిలో తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలు కథలు రాయడానికి కూర్చుంటారు. వాళ్ళు రాసినవి నేను చదివి పెడతాను. ఏటా ఒక కథ మాత్రం తప్పకుండా వస్తుంది. నలుగురు ఫ్రెండ్స్, ఒక దీవి, అక్కడ ఒక దెయ్యం, ఎప్పుడో జరిగిన ఒక చావు, దాని వెనక ఎవరో దాచిన గుట్టు. ఆ వయసుకి అది మంచి కథ. భయం ఉంటుంది, స్నేహం ఉంటుంది, పెద్దవాళ్ళు దాచినదాన్ని పిల్లలు బయటపెట్టడం ఉంటుంది. కానీ ఆ దీవిలో పైన్ చెట్లు, పొగమంచు, రాతి బంగళా ఉంటాయి. రాసిన పిల్ల కిటికీలోంచి చూస్తే కొబ్బరిచెట్లు కనిపిస్తాయి.

మొన్న వేసవిలో పదో తరగతి రాసిన ఒక అమ్మాయి ఇలాంటి కథే తెచ్చింది. "మీది ఏ ఊరమ్మా?" అని అడిగాను. లంక పేరు చెప్పింది. పడవ దాటి, గట్టు ఎక్కి, ఆటో పట్టుకుని వస్తోంది రోజూ. "మరి మీ లంకలోనే పెట్టొచ్చు కదా కథ?" అంటే, "మా లంకలో ఏముంటుంది టీచర్, అరటి తోటలు, గేదెలు తప్ప!" అంది. ఆ మాట నాకు చాలా రోజులు మనసులో ఉండిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను. మన గోదావరి డెల్టాలో దెయ్యం కథకు పనికొచ్చే దీవులు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో స్వభావం. ఏది ఎలాంటి కథకు పనికొస్తుందో, ఎక్కడ ఇబ్బంది పెడుతుందో నాకు తోచినట్టు చెబుతాను.

చోటు ఎంచుకునే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. ఒకటి, దారి ఎలా మూసుకుపోతుంది? వెళ్ళినవాళ్ళు వెనక్కి రాలేకపోవాలి, సాయం చేసేవాళ్ళు లోపలికి రాలేకపోవాలి. ఆ దారి మళ్ళీ ఎప్పుడు తెరుచుకుంటుందో రాసేవాళ్ళకు ముందే తెలియాలి. ఆరు గంటల్లోనా, ఆరు రోజులకా అన్నదాన్ని బట్టి కథ పొడవే మారిపోతుంది. రెండోది, ఆ దెయ్యం ఎవరు? ఎప్పుడు పోయారు, ఎలా పోయారు, వాళ్ళ తాలూకు మనుషులు ఇవాళ ఎక్కడున్నారు? మొదటి ప్రశ్న గురించి పిల్లలు కొంతైనా ఆలోచిస్తారు. రెండోది ఎవరికీ తట్టదు. నా మటుకు నాకు రెండోదే ముఖ్యం. ఎందుకో కోరంగి దగ్గరికి వచ్చాక చెబుతాను.

హోప్ ఐలాండ్

దీవి అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది ఇదే. కాకినాడకు ఎదురుగా సముద్రంలో, తోకకప్ప ఆకారంలో, సుమారు 16 కిలోమీటర్ల పొడవున సాగిన ఇసుక దిబ్బ. గోదావరి మోసుకొచ్చిన ఇసుక, ఒండ్రు మేట వేసి గత రెండు వందల ఏళ్ళలో ఏర్పడిన నేల. తుఫాను వచ్చినప్పుడు పెద్ద అలలకు అడ్డం నిలబడి కాకినాడ రేవును కాపాడేది ఇదే.

కథ రాసేవాళ్ళు ముందు గమనించాల్సింది ఆ వయసే. నాలుగు వందల ఏళ్ళ నాటి రాజుగారి కోట, నేలమాళిగలో నిధి అని రాస్తే కుదరదు. అప్పటికి ఆ నేలే లేదు. ఇసుకలో పాతింది ఏదైనా పదేళ్ళకు అక్కడే ఉంటుందన్న నమ్మకం కూడా లేదు. గాలికి, అలకి దిబ్బ రూపు మారుతూనే ఉంటుంది. దీన్ని లోపంగా చూడక్కర్లేదు. "పోయిన వేసవిలో ఇక్కడే పాతాం, ఇప్పుడు ఈ చోటే లేదు" అన్న ఒక్క మాట చాలు, ఒళ్ళు జలదరించడానికి.

ఈ దీవిలో నాకు అన్నిటికంటే నచ్చేది తాబేళ్ళు. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు జనవరి నుంచి రాత్రిపూట ఒడ్డుకొచ్చి, ఇసుకలో గుంట తీసి గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్ళిపోతాయి. పొద్దున్నే చూస్తే నీటి అంచు నుంచి పైకి ఒక చార, మళ్ళీ కిందికి ఒక చార, చిన్న ట్రాక్టర్ టైరు నడిచినట్టు. తెలియనివాళ్ళు చూస్తే ఏదో నీళ్ళలోంచి పాకి వచ్చి, వెనక్కి పోయిందనే అనుకుంటారు. అదీ నిజమే కదా. గుడ్లు పిల్లలవడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. గుడ్లు పగిలి వచ్చిన పిల్లలు రాత్రి చీకట్లో ఇసుకలోంచి బయటపడి, ఎటు వెలుతురుగా ఉంటే అటు పరుగెడతాయి. మామూలుగా ఆ వెలుగు సముద్రం మీద ఉంటుంది. ఒడ్డున ఎవరైనా దీపం పెడితే పాపం దారి తప్పి లోపలికి పోతాయి.

మిస్టరీ రాసేవాళ్ళకు ఇంతకంటే మంచి ఆధారం ఎక్కడ దొరుకుతుంది? ఎవరూ లేరనుకున్న ఒడ్డున, తెల్లారేసరికి తాబేలు పిల్లల అడుగుజాడలన్నీ సముద్రానికి ఎదురుదిక్కున, సరుగుడు చెట్ల వైపు పోయి ఉంటాయి. అంటే రాత్రి అక్కడ ఎవరో లైటు వెలిగించారు. దెయ్యానికి లైటు అవసరం లేదు. పాఠకుడికి ఈ సంగతి మూడో అధ్యాయంలోనే తెలియాలి, పదో అధ్యాయంలో వెలగాలి.

క్యాలెండర్ మాత్రం చూసుకోండి. తాబేలు తల్లులు కావాలంటే సంక్రాంతి సెలవులు సరిపోతాయి. తాబేలు పిల్లలు బయటికొచ్చే సన్నివేశం కావాలంటే మార్చి రావాలి, అప్పుడు మీ కథలో వాళ్ళందరికీ పరీక్షలు. ఇంటర్ ఆఖరి పరీక్ష అయిన సాయంత్రం పడవెక్కించడం మంచి ఉపాయం. పరీక్షలయ్యాక వచ్చే ఆ తేలికదనం మీద భయం బాగా కూర్చుంటుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. రాత్రయితే కాకినాడ దీపాలు, లంగరు వేసిన ఓడల దీపాలు కనిపిస్తూ ఉంటాయి. పూర్తిగా ఒంటరైపోయిన భావం నిలబెట్టడం కష్టం. దారి మూసుకుపోవాలంటే సముద్రం పోటెత్తాలి, అది ఒకటి రెండు రాత్రుల మాట. పైగా అక్కడ పాకలు వేసుకుని ఉండే మత్స్యకార కుటుంబాలున్నాయి. కొందరు పిల్లలు వాళ్ళను నిర్జన దీవి కోసం కథలోంచి చెరిపేస్తారు, లేదా దొంగల ముఠాగా రాస్తారు. రెండూ వద్దు. ఆ దీవి ఎవరికైనా తెలుసంటే వాళ్ళకే తెలుసు. నలభై, యాభై పేజీల కథకు హోప్ ఐలాండ్ చక్కగా సరిపోతుంది. నవలకు సాగదీస్తే పలచబడుతుంది.

గోదావరి లంక

నన్నడిగితే మొదటిసారి పెద్ద కథ రాసేవాళ్ళకు ఇదే చెబుతాను. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలి, వశిష్ఠ లోంచి వైనతేయ విడివడి సముద్రానికి పోతుంటే, ఈ పాయల మధ్య తేలిన నేలలే లంకలు. కొన్నిటికి వంతెనలు పడ్డాయి, కొన్నిటికి కాజ్‌వేలున్నాయి, కొన్నిటికి ఇప్పటికీ పడవే గతి. పి.గన్నవరం వైపు కనకాయలంక కాజ్‌వే వరద వచ్చిన ప్రతిసారీ మునిగి వార్తల్లోకి వస్తుంది. పొద్దున సైకిల్ మీద దాటిన దారి సాయంత్రానికి కనిపించదు.

దారి మూసుకోవడం ఇక్కడ కొలత ప్రకారం జరుగుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 కి రెండోది, 17.75 కి మూడోది. భద్రాచలంలో నీళ్ళు పెరుగుతున్నాయని టీవీలో చెప్పినప్పటినుంచే లంకల్లో లెక్కలు మొదలవుతాయి. ఆ నీళ్ళు ఇక్కడికి రావడానికి ఇంకా టైం ఉందని అందరికీ తెలుసు. అధ్యాయాలకు వేరే పేర్లు వెతుక్కోనక్కర్లేదు, ఈ అడుగులే పెట్టుకోవచ్చు. "11.75" అని ఒక అధ్యాయం పేరు చూడగానే ఇక్కడి పాఠకుడి గుండె ఒక్కసారి ఆగి కొట్టుకుంటుంది.

నీళ్ళు రావడం ఎలా ఉంటుందో రాయాలంటే టీవీ దృశ్యాలు పనికిరావు. నేను ఒక వరదలో ఏటిగట్టు మీద నిలబడి చూసిన సంగతి చెబుతాను. ఒక ముసలాయన కొబ్బరి ఈనె ఒకటి విరిచి, సరిగ్గా నీటి అంచున బురదలో గుచ్చాడు. వెళ్ళి చుట్ట కాల్చుకున్నాడు. వచ్చి చూశాడు. ఈనె చుట్టూ నీళ్ళున్నాయి, అంచు జానెడు ముందుకొచ్చింది. ఇంకో ఈనె విరిచి కొత్త అంచున గుచ్చాడు. అలా నాలుగు ఈనెలు వరసగా, మొదటిది సగం మునిగి. ఎవరితోనూ ఏమీ అనలేదు. నాలుగోది చూశాక లేచి గేదెలను విప్పాడు. ఆ ఎర్రనీటి అంచున నురగ, ఎండుపుల్లలు, చీమల గుంపులు. అలల చప్పుడు కూడా లేదు. వరద చప్పుడు లేకుండా వస్తుంది. దెయ్యం కథ రాసేవాళ్ళు నేర్చుకోవాల్సింది అదే.

కరెంటు తీసేస్తారు. ఫోన్లు చచ్చిపోతాయి. పాములు చెట్లెక్కుతాయి. చాలామందిని గట్టు మీదికి చేరుస్తారు, కానీ ఇల్లు, పశువులు వదల్లేక ఒకరిద్దరు ఉండిపోతారు. మీ కథలో నలుగురు పిల్లలు ఎందుకు ఉండిపోయారో ఒక నమ్మదగిన కారణం పెట్టండి. కదల్లేని మామ్మ, ఈనడానికి సిద్ధంగా ఉన్న గేదె, ఏదైనా సరే. జూలై, ఆగస్టు నెలల్లో ఎలాగూ బడులకు వరద సెలవులిస్తారు కాబట్టి పిల్లలు ఇంటి దగ్గరే ఉంటారు. మూడు రోజుల నుంచి వారం దాకా దారి ఉండదు. నవలకు కావాల్సినంత సమయం.

గుట్టు విషయానికొస్తే లంక అంత ధనవంతమైన చోటు ఇంకోటి లేదు. ఏరు ఒక పక్క కోసేస్తుంది, ఇంకో పక్క మేట వేస్తుంది. తాత పేరున కాగితాల్లో ఉన్న పొలం ఇవాళ ఏట్లో ఉంటుంది. ఎదురు ఒడ్డున కొత్తగా తేలిన నేల మీద ఎవరిదో గొడవ. ఒకప్పటి ఇల్లు, నుయ్యి, సమాధి, చెట్టు అన్నీ కోతకు పోయాక, ఆ చావుకు సాక్ష్యం ఏది? గోడ మీద 1986 అని సున్నంతో గీసిన వరద గీత. ఆ ఏడాది ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరిన వరద గురించి ముసలివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఆ గీత మన తలకు ఎంత పైన ఉందో పిల్లలు నిలబడి చూసుకునే సన్నివేశం ఒకటి పెట్టండి, వేరే వర్ణన అక్కర్లేదు.

దెయ్యం ఎలా కనిపించాలన్నది కూడా లంకే చెబుతుంది. తెల్లచీర, విరబోసుకున్న జుట్టు వదిలేయండి. లంక పొగాకుకు ఎప్పటినుంచో పేరు. మనిషి లేని అరుగు మీద చుట్ట వాసన రావడం, రావడమే కాదు, మెట్టు మెట్టుకీ ముందుకు జరగడం. చీకట్లో ఎండు కొబ్బరిమట్ట రేకుల షెడ్డు మీద పడిన చప్పుడు మీకు తెలుసు కదా, ముందు బరబరా రాసుకుంటూ వచ్చి ఒక్కసారి దభీమని. ఆ చప్పుడు గాలి లేని రాత్రి వరసగా మూడుసార్లు, ప్రతిసారీ ఇంటికి ఇంకో చెట్టు దగ్గరగా వినపడితే? చుట్టూ ఉన్నవాటినే వాడండి, లెక్క మాత్రం తప్పించండి. భయం అక్కడ పుడుతుంది.

దీనికి లోటు ఒకటే. లంకలో అందరూ అందరికీ తెలుసు. అపరిచితుడు పడవ దిగితే పది నిమిషాల్లో ఊరంతా తెలుస్తుంది. కాబట్టి బయటి విలన్ కుదరడు. తప్పు చేసినవాడు మన బాబాయో, పిన్ని గారి అత్తగారో, రోజూ పాలు పోసే మనిషో అవుతాడు. పదహారేళ్ళ పాఠకుడికి అసలు భయం దెయ్యం కాదు, అది.

కోరంగి మడ

కాకినాడకు దక్షిణంగా, గౌతమి సముద్రంలో కలిసే చోట 235 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న అభయారణ్యం ఇది. 1978లో ఏర్పాటైంది. మడ చెట్లు, వాటి మధ్య పాయలు, చిన్న చిన్న బురద దీవులు. పాటు వేళ నీళ్ళు దిగితే బురదలోంచి శ్వాసవేర్లు వేలకు వేలు పైకి పొడుచుకుని కనిపిస్తాయి, ఎవరో కింద పడుకుని వేళ్ళు పైకెత్తినట్టు. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే కళ్ళు మండి కొంతసేపు చూపే ఆనదు. రాత్రిళ్ళు నక్కల ఊళ, నీటికుక్కల ఈల, నీటి అంచున బావురుపిల్లి కళ్ళు. వాతావరణానికి దీన్ని కొట్టేది లేదు.

ఇక్కడ దారి మూసేది పోటు, పాటు. రోజుకు రెండుసార్లు ఎక్కుతుంది, రెండుసార్లు దిగుతుంది. ఒకసారి పాటు వేళ మా పడవ చిన్న పాయలో బురద తగిలి ఆగిపోయింది. నేను కంగారు పడుతుంటే నడిపే ఆయన గెడ పక్కన పెట్టి, "ఆయ్, కూర్చోండమ్మా. నీళ్ళు ఎక్కడికి పోతాయండి, అవే వత్తాయి" అన్నాడు. మూడు గంటలు కూర్చున్నాం. బురద టపటపమని బుడగలు పేలుస్తూ ఉంటుంది. చిన్న చేపలు దాని మీద గెంతుతుంటాయి. తర్వాత ఎవరూ ఏమీ చేయకుండానే పడవ దానంతట అదే కదిలింది. ఆ కదలిక నాకు ఇప్పటికీ ఒంట్లో గుర్తు.

పోటు వేళ రోజుకు సుమారు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. అమావాస్యకు, పౌర్ణమికి నీళ్ళు ఎక్కువ ఎక్కుతాయి. మిస్టరీలో ఇది తాళం లాంటిది. "నిన్న, ఇవాళ నీళ్ళు ఎక్కగానే, సరిగ్గా ఆరింటికే ఆ పాయలోంచి వచ్చాను" అని ఎవరైనా అన్నారంటే, ఏదో ఒక రోజు అబద్ధం. చేపల వేటకు వెళ్ళే ఇంటి పిల్ల ఆ అబద్ధాన్ని క్షణంలో పట్టేస్తుంది. పట్నం నుంచి వచ్చిన పోలీసు పట్టలేడు. పోలీసు అంటే గుర్తొచ్చింది, గౌతమి ఒడ్డున యానాం ఉంది. 1954 దాకా ఫ్రెంచివాళ్ళది, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. ఏరు దాటితే పోలీస్ స్టేషనే కాదు, ప్రభుత్వమే మారుతుంది. శవం ఏ ఒడ్డున దొరికిందన్నది పెద్ద ప్రశ్న అవుతుంది.

ఇక చరిత్ర. కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. యానాంలో ఫ్రెంచివాళ్ళు, దగ్గర్లోని ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళు వర్తకం చేసిన రోజుల్లో ఇక్కడ ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. తాళ్ళరేవులో చెక్క పడవలు కట్టే పని ఇప్పటికీ ఉంది. ఇక్కడి నుంచి రంగూన్ వెళ్ళిన తెలుగువాళ్ళను బర్మాలో కోరంగీలనే పిలిచేవారు. 1789 డిసెంబర్‌లో తుఫాను వచ్చి, ఒకదాని వెనక ఒకటి మూడు పెద్ద అలలు ఊరి మీద పడ్డాయి. 20 వేల మంది దాకా పోయారని రాశారు. 1839 నవంబర్‌లో మళ్ళీ ఉప్పెన. రేవు ఇక కోలుకోలేదు. కలకత్తాలో తుఫానుల మీద పనిచేసిన హెన్రీ పిడింగ్టన్ కోరంగి తుఫాను గురించి కూడా రాశాడు, 1840లలో "సైక్లోన్" అన్న మాట పుట్టించినవాడు ఆయనే. ప్రపంచమంతా వాడే ఆ మాట పుట్టుకలో మన కోరంగి నీళ్ళున్నాయి. మునిగిపోయిన రేవు, బర్మా వెళ్ళి రాని అన్నదమ్ములు, మూడు అలలు. ఒక నవలకు ఇంకేం కావాలి?

కానీ ఇక్కడే ఆ రెండో ప్రశ్న. 1789లో, 1839లో పోయినవాళ్ళ దెయ్యాన్ని కథలో పెట్టొచ్చు. వాళ్ళ కోసం ఏడ్చేవాళ్ళెవరూ ఇవాళ లేరు, నిజానికి ఎవరో ఒకరు తలుచుకోవడమే మంచిది. 1996 నవంబర్ 6 రాత్రి తుఫాను అలా కాదు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్ళ నుంచి వేటకు వెళ్ళినవాళ్ళు ఎందరో తిరిగి రాలేదు. కొందరి శవాలు కూడా దొరకలేదు. జాడ తెలియని మనిషిని చట్టం చనిపోయినట్టు లెక్కలోకి తీసుకోవాలంటే ఏడేళ్ళు ఆగాలి. ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళు బొట్టు తీయాలో ఉంచుకోవాలో తెలియక ఎన్నాళ్ళు గడిపి ఉంటారో ఒక్కసారి ఆలోచించండి. వాళ్ళ పిల్లలకు ఇప్పుడు ముప్పై ఏళ్ళు దాటి ఉంటాయి. మీ కథ వాళ్ళూ చదువుతారు. ఆ తండ్రిని బురద కారుతూ కిటికీలో నిలబెట్టి పాఠకుడిని జడిపించకండి.

ఆ తుఫానును అసలు ముట్టుకోవద్దని కాదు నా మాట. కథలో అది ఉండొచ్చు. ఎదురుచూసేవాళ్ళ వైపు నుంచి ఉండాలి. కనిపించని తండ్రి కోసం రేవులో ప్రతి అమావాస్యకూ దీపం పెట్టే అమ్మమ్మ ఉండొచ్చు. దెయ్యం మాత్రం పాత ఓడ మీది మనిషిది చేయండి. ఇదంతా సంభాళించుకోగలవాళ్ళకే కోరంగి. ఇంటర్ రెండో ఏడాదికి వచ్చి, ఇదివరకు రెండు మూడు కథలు పూర్తి చేసినవాళ్ళకు.

మిగిలినవి

సముద్ర ముఖంలో శాక్రమెంటో అని ఒక తిప్ప ఉంది, అక్కడ లైట్‌హౌస్ కూడా ఉంది. అమెరికా యుద్ధనౌక శాక్రమెంటో 1867 జూన్ 19న గోదావరి ముఖాన ఇసుక మేటల్లో ఇరుక్కుని పగిలిపోయింది. ఆ పేరు అలా మిగిలింది. ఓడలో ఉన్నవాళ్ళంతా ప్రాణాలతో బయటపడ్డారు. ఈ ఒక్క ముక్క మీదే కథ అల్లొచ్చు: ఎవరూ చావని ఓడకు దెయ్యం ఎక్కడిది? పుస్తకాల్లో లెక్క సరిపోయింది, మరి ఆ లెక్కలో లేని మనిషెవరు? ఎవరి దుఃఖాన్నీ తాకకుండా రాయగలిగిన కథ కాబట్టి ఇది నాకు చాలా ఇష్టం. రాత్రి, లైట్‌హౌస్, సముద్రం అన్నీ ఉన్నాయి. ఓడల గురించి కొంచెం చదువుకోవాలి, అంతే.

పూర్తిగా ఊహించిన దీవి పెట్టుకునేవాళ్ళకు ఒక్కటే సలహా. పేరు కొత్తది పెట్టండి, నీళ్ళు మాత్రం పాతవే ఉంచండి. లంక అయితే ఎర్రనీరు రావాలి, మడ అయితే పోటు రావాలి. ఒక ఊళ్ళో నిజంగా జరిగిన చావును, నిజమైన ఇంటిని చూపిస్తూ రాసేకంటే ఇది ఎప్పుడూ మేలు. ఫలానా ఇంట్లో దెయ్యం ఉందన్న పుకారు లేస్తే ఆ ఇల్లు అమ్ముడుపోదు, ఆ ఇంటి పిల్లకు సంబంధాలు రావు.

దెయ్యం పేర్లు కూడా మనవే వాడండి. చీకట్లో పొలాల మీద మంట కదులుతూ కనిపిస్తే కొరివిదెయ్యం అనే అనేవారు మా పెద్దవాళ్ళు. ఈ నేల కింద గ్యాస్ ఉందన్నది కూడా నిజమే. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాస్ బావి పేలి అంటుకుంది. ఆ మంట ఆర్పడానికి 65 రోజులు పట్టింది. "ఆ ఏడాది అరవై అయిదు రోజులు మాకు రాత్రి లేదు" అని ఒక పాత డైరీలో ఒక్క వాక్యం దొరికిందనుకోండి. పట్నం పిల్లలకు అది పిచ్చిరాతలా ఉంటుంది. కోనసీమ పిల్ల దాన్ని చదివి తేదీ చెప్పేస్తుంది. కథలో తెలివంతా ఊరి పిల్ల దగ్గర ఉండడం నాకు ముచ్చటగా ఉంటుంది. జ్వరం వస్తే గాలి సోకిందనడం, దడుపుకు తాయెత్తు కట్టించడం కథలో ఉండొచ్చు, కానీ జ్వరం మాత్ర కూడా వేయించండి. పదమూడేళ్ళవాళ్ళు కూడా చదువుతారు.

ఒక్క వారంలో కథ పూర్తి కావాలి, భయం కంటే తెలివి ముఖ్యం అనుకుంటే హోప్ ఐలాండ్ తీసుకోండి. చరిత్ర అంటే ప్రాణం, పాత మ్యాపులు చూస్తూ కూర్చోగలను అనుకుంటే కోరంగి గానీ శాక్రమెంటో గానీ. ఇంకా ఏమీ తెలియదు, రాయాలని మాత్రం ఉంది అంటే లంక. రేవులో ఒక గంట కూర్చుని, పడవ దిగినవాళ్ళు ఏం మోసుకొస్తున్నారో రాసుకుంటే మొదటి అధ్యాయం సగం అయిపోతుంది.

ఆ అమ్మాయి లంకనే తీసుకుంది. రాతి బంగళా పోయి పెంకుటిల్లు వచ్చింది. పైన్ చెట్లు పోయి అరటి తోట వచ్చింది. నేను చెప్పిన కొబ్బరి ఈనెల సంగతి విని ఊరుకుంది, ఏమీ అనలేదు. తర్వాత తెచ్చిన కథలో వరద మొదటి రాత్రి తెల్లారేసరికి నీటి అంచుకు గజం ఇవతల, పొడి నేలలో, ఒక ఈనె గుచ్చి ఉంటుంది. ఎవరు గుచ్చారో ఇంట్లో ఎవరికీ తెలియదు. సాయంత్రానికి నీళ్ళు సరిగ్గా అక్కడికి వచ్చి ఆగుతాయి. రెండో రోజు ఇంకో ఈనె, ఇంకా ఇంటికి దగ్గరగా. మూడో రోజు ఈనె మామ్మ మంచం పక్కన, గచ్చు పగుల్లో ఉంటుంది. ఆ రోజు పిల్లలు మామ్మను మంచంతో సహా ఎత్తి పడవలో వేస్తారు. పొలం కాగితాల గుట్టు, తాత ఎలా పోయాడన్నది, చిన్నతాత దాచిన అబద్ధం అన్నీ చివరికి తేల్చింది. ఈనెలు గుచ్చింది ఎవరన్నది మాత్రం తేల్చలేదు. నేనూ అడగలేదు.